నాసిక్ ద్రాక్షసీమలో దంపతుల వారాంతపు విహారం: కత్తిరింపు తేదీని బట్టి ప్రణాళిక

మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా మన దేశంలో వైన్ తయారీకి ప్రధాన కేంద్రం. గంగాపూర్ జలాశయ పరిసరాలలో తోటలు వేసిన సులా సంస్థ తొలి వైన్‌ను 2000లో విడుదల చేసింది. మరుసటి సంవత్సరం ఆ రాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ఆధారిత పరిశ్రమల విధానాన్ని ప్రకటించడంతో మరికొన్ని వైనరీలు వెలిశాయి. 2005లో సులా తోటలోనే సందర్శకులకు వైన్ రుచి చూపే గది ప్రారంభమైనది మొదలు, తోట చూడవచ్చేవారి రాక కూడా ఒక ఆదాయ వనరుగా మారింది. ముంబయి, పుణె నగరాల నుండి యువ దంపతులు శని, ఆదివారాలు గడపడానికి ఇక్కడికి వస్తున్నారు. సికింద్రాబాదు నుండి వచ్చేవారికి దేవగిరి ఎక్స్‌ప్రెస్ నేరుగా నాసిక్ రోడ్ చేరుస్తుంది.

ఇట్టి విహారాన్ని సాధారణంగా సెలవుల పట్టికను చూసి నిర్ణయించుకుంటారు. అయితే తోటలో ఏమి కనిపించేదీ నిర్ణయించేది కత్తిరింపు తేదీ. ఐరోపాలో ద్రాక్ష తీగ చలికాలంలో ఆకు రాల్చి నిద్రావస్థలో ఉంటుంది. నాసిక్‌లో అంతటి చలి లేదు. తీగ ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. అందువలన ఇక్కడ రెండు కత్తిరింపులు, ఒకే పంట అనే పద్ధతిని పాటిస్తారు. కోత ముగిసిన పిమ్మట ఏప్రిల్ ప్రాంతంలో చేసే మొదటి కత్తిరింపుతో కొత్త కొమ్మలు వచ్చి, వాటి మొగ్గలలో పూగుత్తులు రూపుదిద్దుకుంటాయి. వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు, అక్టోబరు నెలలలో చేసే రెండవ కత్తిరింపుతో ఆ గుత్తులు బయటపడతాయి. అక్కడి నుండి రకాన్ని బట్టి సుమారు 4 నుండి 5 నెలలకు, అనగా జనవరి నుండి మార్చి వరకు, కోత సాగుతుంది.

కనుక జులై, ఆగస్టు నెలలలో వచ్చే జంటకు పచ్చని కొండలు, త్ర్యంబక్ ప్రాంతపు జలపాతాలు కనువిందు చేస్తాయి గాని తీగపై ఒక్క గుత్తి కూడా కనిపించదు. పైగా అది బూజు తెగులుకు మందులు తరచుగా పిచికారీ చేసే కాలం. ద్రాక్షను చూడగోరేవారు జనవరి చివరి వారం నుండి మార్చి మొదటి వారం లోపల రావడం ఉత్తమం. షెనిన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్ వంటి తెల్ల రకాలు సాధారణంగా ముందుగాను, షిరాజ్, కాబర్నె సావిన్యోన్ వంటి ఎర్ర రకాలు తరువాతను కోతకు వస్తాయి. ఏకాంతం కోరే దంపతులు ఫిబ్రవరిలో సంగీతోత్సవాలు జరిగే వారాంతాలను తప్పించుకోవలెను.

గుత్తులు వేడెక్కకుండా కోతను తెల్లవారుజామునే చేపడతారు. శనివారం ఉదయం పది గంటలకు తీరిగ్గా చేరినవారికి బుట్టలు మాత్రమే కనిపిస్తాయి. శుక్రవారం రాత్రికే తోటలో బస చేయడం మేలు. పండు కొరికి చూసి, అదే గుత్తి రసాన్ని రిఫ్రాక్టోమీటరుతో పరీక్షించడం ఎవరికైనా ఆసక్తికరం. వైన్ ద్రాక్షను సుమారు 20 నుండి 24 బ్రిక్స్ వద్ద కోస్తారు. పులియబెట్టే తొట్ల గదిలో బొగ్గుపులుసు వాయువు పేరుకొనే ప్రమాదం ఉన్నందున సిబ్బంది తోడు లేక ప్రవేశించరాదు. రుచి చూడటం తేలికైన తెల్ల వైన్‌తో మొదలుపెట్టి ఎర్ర వైన్‌తో ముగించవలెను. ఒక మధ్యాహ్నానికి రెండు వైనరీలు చాలు. 21 సంవత్సరాలు నిండనివారు, గర్భిణులు వైన్ తీసుకోరాదు; తిరుగు ప్రయాణానికి తాగని చోదకుడు ఉండవలెను. సాయంత్రం గంగాపూర్ జలాశయపు గట్టు ప్రశాంతంగా ఉంటుంది. మన గోదావరిపై కట్టిన ఆనకట్ట అది. నది పుట్టిన బ్రహ్మగిరి, త్ర్యంబకేశ్వరాలయం నాసిక్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నందున ఆదివారం ఉదయాన్ని అటు కేటాయించవచ్చు.

రైతు పక్షాన ఆలోచిస్తే, అతిథులకు కోత చూపగల వారాంతాలు పట్టుమని పది కూడా ఉండవు. తోటను భాగాలుగా విభజించి 10 నుండి 15 రోజుల ఎడంతో కత్తిరిస్తే కోత ఎక్కువ వారాలకు విస్తరిస్తుంది. అయితే దీనికి మూల్యం ఉంది. ముందుగా కత్తిరించిన భాగపు లేత చిగుళ్లు చివరి వానలకు చిక్కి బూజు తెగులుకు లోనవుతాయి. ఆలస్యంగా కత్తిరించిన భాగం మార్చి ఎండలలో పక్వానికి వచ్చి ఆమ్లతను కోల్పోతుంది. ఆమ్లత తగ్గిన రసంతో చేసిన వైన్ చప్పగా ఉంటుంది. అతిథుల కొరకు తోటంతటినీ ఇట్లు ముక్కలు చేయడం సమంజసం కాదు. ప్రధాన భాగాన్ని వైనరీ ఒప్పందానికి అనువైన తేదీన కత్తిరించి, బసకు దగ్గరగా ఉన్న కొద్ది వరుసలను మాత్రమే అటూ ఇటూ జరపడం ఆచరణయోగ్యం. పిచికారీని వారం మొదటి రోజులకే పరిమితం చేసి, మందు పేరు, తేదీ, తిరిగి ప్రవేశించదగిన సమయం తెలిపే పలకను వరుస మొదట్లో ఉంచవలెను. కోతకు ముందు పాటించవలసిన విరామం ముగియని వరుసలో పండు రుచి చూడనివ్వరాదు.

ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీకి పేరొందిన హైదరాబాదు పరిసరాలలోనూ ఇదే రెండు కత్తిరింపుల పద్ధతి అమలులో ఉంది. అక్కడ పండేది తినే ద్రాక్ష కనుక వైనరీతో పని లేదు. అతిథులు తామే కోసుకొని తూకం వేయించుకొనే ఏర్పాటుకు, బసకు దగ్గరి వరుసల కత్తిరింపు తేదీని అదే రీతిన కోరిన వారాంతం నుండి వెనుకకు లెక్కించి నిర్ణయించవచ్చు.