విదేశీ క్రిస్మస్ చెట్టుకు కాశ్మీర్ కాగితపు గంటలు

శ్రీనగర్: అమెరికా, ఐరోపా దేశాలలో డిసెంబరు మాసాంతాన ఇంటింటా వెలిసే క్రిస్మస్ చెట్లకు వేలాడే రంగురంగుల గోళాలు, గంటలు, నక్షత్రాలలో కొన్ని శ్రీనగర్ పాతబస్తీలోని ఇరుకు ఇళ్లలో తయారవుతాయంటే వినేవారికి ఒకింత ఆశ్చర్యం కలగక మానదు. ఈ నగరంలో క్రైస్తవుల సంఖ్య అత్యల్పం. జడీబల్, హసనాబాద్, ఆలంగరీ బజార్ ప్రాంతాలలో నివసించే షియా ముస్లిం కుటుంబాలే అధిక భాగం ఈ పనిలో ఉన్నాయి. చినార్ ఆకును, లకుముకి పిట్టను చిత్రించడంలో ఆరితేరిన కుంచెలే శాంతాక్లాజ్ తెల్లగడ్డాన్ని కూడా దిద్దుతున్నాయి. పేపర్ మాషీగా లోకమంతటా పేరుపొందిన ఈ కాగితపు గుజ్జు కళకు క్రిస్మస్ ఆర్డర్లు ఏటా ఒక పెద్ద ఆసరా. ఆ ఆసరా కొన్నేళ్లుగా తరచు సడలిపోతుండటమే ఇప్పుడు ఈ కుటుంబాలను కలవరపెడుతున్న విషయం.

ఈ కళకు మూలపురుషునిగా 14వ శతాబ్దంలో పర్షియా నుంచి కాశ్మీర్ వచ్చిన సూఫీ మతగురువు మీర్ సయ్యద్ అలీ హమదానీని స్థానికులు చెప్పుకుంటారు. 15వ శతాబ్దంలో సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ మధ్య ఆసియా నుంచి పనివారిని రప్పించి దీనికి రాజాదరణ కల్పించినట్లు ప్రతీతి. తొలినాళ్లలో కలాలు దాచుకునే పెట్టెలపై ఎక్కువగా చిత్రించినందున దీనిని ‘కారే కలమ్‌దానీ’ అని పిలిచేవారు. జీలం ఒడ్డున ఉన్న ఖాన్‌ఖాహె మౌలా ప్రార్థనాలయం గోడలపైన, పైకప్పుపైన ఈ పనితనం నేటికీ చూడవచ్చు. 19వ శతాబ్దంలో కాశ్మీరీ శాలువలను ఈ పెట్టెలలో పెట్టి ఫ్రాన్స్‌కు పంపేవారనీ, శాలువలతోపాటు పెట్టెలకు కూడా అక్కడ గిరాకీ ఏర్పడిందనీ, ఫ్రెంచి పేరు స్థిరపడింది అప్పుడేననీ అంటారు. బహుమతిని చుట్టబెట్టిన పెట్టె తానే బహుమతి అయిందన్నమాట!

తయారీ విధానం రెండు అంచెలుగా సాగుతుంది. మొదటిది సఖ్తాసాజీ, అనగా వస్తువును రూపొందించడం. పాత కాగితాన్ని కొన్ని రోజులపాటు నీటిలో నానబెట్టి, దంచి, బియ్యపు గంజి కలిపి ముద్దగా చేస్తారు. ఆ గుజ్జును అచ్చుపై పొరలుగా అద్ది ఎండనిస్తారు. ఎండిన తర్వాత సన్నని రంపంతో రెండుగా కోసి, అచ్చును బయటకు తీసి, రెండు చిప్పలను సరేసుతో తిరిగి అతుకుతారు. అతుకు కనబడకుండా సుద్ద, సరేసు కలిపిన పూత పూసి, బాగా కాలిన ఇటుక ముక్కతో నున్నగా రుద్దుతారు. ఆపైన పలుచని కాగితం అంటిస్తే రంగు పగుళ్లు తేలదు. రెండవ అంచె నఖ్ఖాషీ, అంటే చిత్రించడం. నఖ్ఖాష్ ముందుగా గీత గీసుకోకుండానే కుంచెతో నేరుగా పూలతీగెలు అల్లుకుంటూ పోతాడు. కడపట వార్నీషు పూస్తారు. ఈ రెండు పనులు చేసేవారు సాధారణంగా వేర్వేరు కుటుంబాలవారు. మొదటి అంచెవారి శ్రమ పూర్తిగా రంగు కిందికి వెళ్లిపోతుంది కనుక వారి పేరు ఎవరికీ తెలియదు, మజూరీ కూడా తక్కువే. ఒక చిన్న గంట ఇన్ని చేతులు మారి పూర్తి కావాలంటే రోజులు పడుతుంది. ప్రపంచ మార్కెట్లో క్రిస్మస్ అలంకరణలలో అధిక భాగాన్ని చైనాలోని యీవూ నగరం యంత్రాలపై తయారుచేసి పంపుతున్నదన్న సంగతి ఈ లెక్కకు జోడించుకోవాలి.

పండుగ డిసెంబరులో వచ్చినా పని మాత్రం వేసవిలో జరుగుతుంది. ఈ వ్యాపారంలోని కీలకమంతా ఇక్కడే ఉన్నది. విదేశీ కొనుగోలుదారు ఏడాది తొలి నెలలలో నమూనాలు ఎంపిక చేసుకుని ఆర్డరు ఇస్తే, లోయలో ఎండలు ఉన్నంతకాలంలో సరుకు తయారై, శరదృతువు నాటికి ఓడల కెక్కాలి. ఎగుమతిదారు ఇచ్చే కొద్దిపాటి అడ్వాన్సుతోనే చేతిపనివారు రంగులు, వార్నీషు కొనుక్కుంటారు. మజూరీ ముక్కల లెక్కన. అందువల్ల మే మొదలు సెప్టెంబరు వరకు ఏ నెలలో అలజడి వచ్చినా ఆ ఏటి క్రిస్మస్ చేజారినట్లే.

దురదృష్టవశాత్తు ఇటీవలి అలజడులలో పెక్కు ఆ నెలలలోనే సంభవించాయి. 2019 ఆగస్టు 5న జమ్మూకాశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తిని రద్దుచేసినప్పుడు లోయలో ఫోన్లు, ఇంటర్నెట్ నిలిపివేశారు. నమూనా చూపి రంగు ఖాయం చేసుకోవలసిన సమయంలో విదేశీ కొనుగోలుదారుతో మాట కలిపే మార్గమే లేకపోయింది. పరిమిత వేగంతో ఇంటర్నెట్ 2020 జనవరిలో, పూర్తి వేగంతో 2021 ఫిబ్రవరిలో గాని తిరిగి రాలేదు. ఈ మధ్యకాలంలోనే కరోనా వచ్చిపడింది. 2025 ఏప్రిల్ 22న పహల్గాం సమీపాన ఉగ్రవాదులు 26 మందిని కాల్చిచంపిన దరిమిలా లోయలోని 87 పర్యాటక స్థలాలలో 48 స్థలాలను ప్రభుత్వం మూసివేసింది. ఎగుమతి ఆర్డరు లేని నాడు చేతిపనివారిని ఆదుకునేది పర్యాటకులు కొనే చిన్నచిన్న పెట్టెలు, గిన్నెలే. ఆ ఏడు ఆ దారి కూడా మూసుకుపోయింది.

దీనికి తోడు అదే సంవత్సరం అమెరికా దెబ్బ. క్రిస్మస్ అలంకరణ వస్తువులపై ఆ దేశంలో సాధారణ దిగుమతి సుంకం అంతవరకు లేనే లేదు. భారతీయ వస్తువులపై 2025 ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27న మరో 25 శాతం అదనపు సుంకాలు విధించడంతో నూరు రూపాయల గంట అమెరికా రేవులో దిగేసరికి నూటయాభై అయి కూర్చుంది. రష్యా చమురు కొన్నందుకు శిక్ష అని వాషింగ్టన్ ప్రకటించిన ఆ రెండవ సుంకానికీ, జడీబల్‌లో రంగులు కలుపుకునే మనిషికీ ఉన్న సంబంధమేమిటో అర్థశాస్త్రవేత్తలు తప్ప మరెవరూ చెప్పలేరు. ఇది చాలదన్నట్లు 800 డాలర్ల లోపు విలువగల పార్సిళ్లకు ఉండిన సుంకం మినహాయింపును కూడా అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తివేసింది. సుంకం ఎవరు, ఎలా వసూలు చేయాలో తేలని కారణంగా భారత తపాలా శాఖ అంతకు నాలుగు రోజుల ముందే, అంటే ఆగస్టు 25 నుంచి, ఆ దేశానికి వెళ్లే పార్సిళ్లలో అధిక భాగాన్ని నిలిపివేసింది. అక్టోబరు 15న గాని సేవలు పునరుద్ధరించలేదు. ఓడ నింపే స్థాయి లేక తపాలా ద్వారా నేరుగా పంపుకునే చిన్న వ్యాపారులకు ఆ ఏడు వారాలూ సంవత్సరం మొత్తంలో అత్యంత విలువైనవి.

ఈ కష్టం కాశ్మీర్‌కు మాత్రమే పరిమితం కాదు. మన పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసర గ్రామాల స్త్రీలు ఇంటి అరుగులపై కూర్చుని క్రోషే సూదితో అల్లే లేసు కూడా ఇటువంటి విదేశీ గిరాకీనే నమ్ముకున్న కళ. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ మిషనరీలు నేర్పిన ఈ అల్లిక పాశ్చాత్య గృహాలలో భోజనపు బల్లలపైకి వెళ్తున్నది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు కార్మికులపై వెలువరించిన గ్రంథంలో ఒక చేదు నిజాన్ని బయటపెట్టారు: పగలంతా అల్లే ఈ స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా పరిగణించడం వల్లనే మజూరీ అంత తక్కువగా ఉన్నదని. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. కాశ్మీర్ పేపర్ మాషీకి అది అంతకు ముందే వచ్చింది.

గుర్తింపులకు కాశ్మీర్‌లోనూ కొరత లేదు. 2019లో పేపర్ మాషీ కళాకారుడు ఫయాజ్ అహ్మద్ జాన్‌కు పద్మశ్రీ లభించింది. 2021లో యునెస్కో శ్రీనగర్‌ను హస్తకళల సృజనాత్మక నగరంగా ప్రకటించింది. 2024లో ప్రపంచ హస్తకళల మండలి ‘ప్రపంచ హస్తకళల నగరం’ అన్న బిరుదు ఇచ్చింది. అయితే ఫలకాలు వచ్చినంత క్రమం తప్పకుండా ఆర్డర్లు రావడం లేదు. తండ్రి పక్కన కూర్చుని కుంచె పట్టవలసిన కుమారుడు ఆటో నడపడమో, దుకాణంలో జీతానికి చేరడమో మేలని తలుస్తున్నాడు. నఖ్ఖాష్ చేతికి పట్టు కుదరడానికి ఏళ్లు పడుతుంది గనుక ఒక తరం వదిలితే తర్వాతి తరం దానిని పుస్తకం చూసి నేర్చుకోలేదు.

మరి స్వదేశీ గిరాకీ మాట? దీపావళికి, క్రిస్మస్‌కు, నూతన సంవత్సరానికి స్వదేశీ చేతివస్తువులనే కానుకలుగా ఇవ్వాలన్న పిలుపులు ఏటా వినిపిస్తున్నాయి. హైదరాబాద్, బెంగుళూరు, కొచ్చిన్, ముంబాయి వంటి నగరాలలో క్రిస్మస్ కొనుగోళ్లు పెరుగుతున్న మాట కూడా వాస్తవం. కాని మన కొనుగోలుదారు డిసెంబరు మూడో వారంలో గాని బజారుకు వెళ్లడు. అప్పటికి దుకాణంలో ఉన్నదే కొంటాడు. చేతిపనివానికి దాని ఫలితం అందేది, ఆ దుకాణదారు మరుసటి వసంతంలో మళ్లీ సరుకు రాయించుకుంటేనే. ఉద్యోగులకు, ఖాతాదారులకు కానుకలు పంచే సంస్థలదీ ఇదే తంతు. పండుగకు నెల ముందు వెయ్యి పెట్టెలు, అన్నీ ఒకే తీరుగా, కావాలంటారు. చేతితో చేసే వస్తువు నెలరోజులలో వెయ్యి రాదు. ఆ ఆర్డరు యంత్రపు సరుకుకే పోతుంది. లేదా గుజ్జుకు బదులు అట్టపైనో చెక్కపైనో రంగులు పూసి, పేపర్ మాషీ పేరుతో అంటగట్టే నకిలీదార్లకు పోతుంది. అసలు సరుకు చేతిలోకి తీసుకుంటే చూపుకన్న తేలికగా ఉంటుంది. ఒకే పువ్వు రెండు గంటలపై అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉండదు.

ఇందులో ప్రభుత్వాల ధోరణి కూడా ఒక పొసగని సంగతే. పండుగలకు స్థానిక వస్తువులే కొనండని ప్రజలకు చెబుతూనే, దీపావళి తదితర పండుగల కానుకలపై మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ సంస్థలు ఖర్చు చేయరాదని కేంద్ర ఆర్థిక శాఖ 2025 సెప్టెంబరులో ఉత్తర్వు జారీచేసింది. ప్రజాధనం ఆదా కావాలన్న ఉద్దేశంలో తప్పు పట్టవలసింది లేదు. మిఠాయి డబ్బాలకు, వెండి గిన్నెలకు అయ్యే ఖర్చును ఎవరూ సమర్థించరు. కాని హస్తకళా వస్తువులకు మాత్రం మినహాయింపు ఇచ్చి, ఆర్డరును ఆరు నెలల ముందే, అడ్వాన్సుతో సహా, పనివారి సహకార సంఘాలకు ఇచ్చే ఏర్పాటు చేసి ఉండవచ్చు. విదేశీ కొనుగోలుదారు ఎంతోకాలంగా చేస్తున్న పనే అది.

డిసెంబరు 21న లోయలో ‘చిల్లాయ్ కలాన్’ మొదలవుతుంది. నలభై రోజులపాటు సాగే గడ్డు చలి అది. దాల్ సరస్సు అంచులు గడ్డకడతాయి. అచ్చులపై గుజ్జు తొందరగా ఆరదు, రంగు కూడా సరిగా పట్టదు. విదేశాలలో చెట్లకు దీపాలు వెలిగే వారంలో జడీబల్ ఇళ్లలోని పనివారు ఉన్ని ఫెరన్ లోపల నిప్పుల కాంగ్డీ పట్టుకుని కూర్చుంటారు. వచ్చే ఏటి ఆర్డరు ఏమాత్రం రానున్నదో తెలిసేది ఆ చలి తగ్గిన తర్వాతనే.