ఫ్రెంచి పౌరసత్వ పరీక్ష

గుంటూరు మిరపచేలు, ఒంగోలు ప్రత్తిచేలు విడిచి ఫ్రాన్సున స్థిరపడి, యచ్చటి పౌరసత్వమున కర్జీ పెట్టుకొను మన యువకులకు 2026 జనవరి 1 నుండి నూతన పరీక్ష వచ్చినది. 40 ప్రశ్నలు, 45 నిమిషములు. 32 సరియైననే గెలుపు. స్వేచ్ఛ, సమత, సౌభ్రాత్రములను వల్లించుట చాలదు. 12 ప్రశ్నలు నిత్యవ్యవహారమున వాని యన్వయము నడుగును.

అప్పటికే ఫ్రెంచి ప్రజలైన యానాము తెలుగువారి కీ బాధ లేకుండెను. 1962 ఆగస్టు 16న విలీన సంధి యమలులోనికి వచ్చిన పిదప, ఆఱు నెలలలో వ్రాసియిచ్చినవారికి ఆ జాతీయత నిలిచినది.

పరీక్షను మేము తప్పుపట్టము. పరుల యింట నుండగోరువాడు ఆ యింటి మర్యాద నెఱుంగవలదా? కాని మనవారు చదువవలసిన పాఠము మఱియొకటి కలదు: 1955 నాటి భారత పౌరసత్వ చట్టము, 9వ సెక్షను. స్వేచ్ఛగా పరదేశ పౌరసత్వము గైకొన్ననాడే భారత పౌరసత్వము పోవును, ఓటును పోవును. తండ్రినుండి సంక్రమించు చేను దక్కును గాని, దాని గట్టు నానుకొనియున్న చేను కొనుటకు వీలులేదు.