ఒక రాయి... నాలుగు బలాలు!

పులివెందుల అనగానే అరటి తోటలు గుర్తొస్తాయి. ఆ పక్కనే వేముల మండలంలో తుమ్మలపల్లె. ఆ నేల కింద సున్నపురాయి జాతి పొర ఒకటుంది. కర్నూలు, కడప ఇళ్లలో పరుచుకునే నల్లబండ కాదిది, వేరే రకం. చూపుకి మామూలు రాయే. కానీ టన్ను రాయిని పిండి చేస్తే 400 గ్రాముల దాకా యురేనియం ఉంటుంది. యురేనియం కార్పొరేషన్ 2012లో అక్కడ శుద్ధి కర్మాగారాన్ని ప్రారంభించింది.

సృష్టిని నడిపే మౌలిక బలాలు నాలుగేనంటారు శాస్త్రవేత్తలు. వాటి పనితనం తెలుసుకోవడానికి జెనీవా దాకా వెళ్లక్కర్లేదు. ఈ రాయి చాలు!

యురేనియం కేంద్రకంలో 92 ప్రోటాన్లుంటాయి. అన్నింటిదీ ధనావేశమే కాబట్టి విద్యుదయస్కాంత బలం వాటిని ఒకదాన్నుంచి మరొకదాన్ని తరుముతుంటుంది. మరి చెల్లాచెదురు కావేం? ప్రబల కేంద్రక బలం పట్టి ఉంచుతుంది కనుక. దాని పట్టు మహా గట్టిది. అయితే పక్కవాటి వరకే! తోపు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరి దాకా పనిచేస్తుంది. ఉమ్మడి కుటుంబం మరీ పెద్దదైతే ఏమవుతుందో తెలిసిందేగా... యురేనియం కూడా ఎప్పుడో ఒకప్పుడు రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్దను బయటికి విసిరేస్తుంది. అదే ఆల్ఫా కణం. తొందరేం లేదు. ఉన్న యురేనియంలో సగం తరగడానికి 447 కోట్ల ఏళ్లు!

ఆల్ఫా పోయాక మిగిలేది థోరియం. ఇక్కడ దుర్బల కేంద్రక బలం రంగంలోకి దిగుతుంది. పేరుకే దుర్బలం. ఓ న్యూట్రాన్‌ని ఏకంగా ప్రోటాన్‌గా మార్చేస్తుంది. కణం జాతినే మార్చే విద్య మిగతా మూడింటికీ లేదు. అలా మారినప్పుడు ఓ ఎలక్ట్రాన్, ఓ యాంటీ న్యూట్రినో బయటపడతాయి. రెండోది భూమిని కూడా లెక్కచేయకుండా దూసుకుపోతుంది. భూగర్భం నుంచి వచ్చే అలాంటి కణాల్ని జపాన్‌లోని కామ్‌ల్యాండ్ ప్రయోగశాల పసిగట్టినట్లు 2005లో ప్రకటించారు. ఇలా ఎనిమిది ఆల్ఫాలు, ఆరు బీటాలు పోతేగానీ యురేనియం సీసంగా మారి నెమ్మదించదు.

చెరువులో మిగిలేది

కర్మాగారం రాయిలోంచి లాగేది యురేనియాన్నే. దాని సంతానమైన రేడియం లాంటివి పిండితోపాటు వ్యర్థాల చెరువుకు చేరతాయి. ముడిరాయిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం వాటిదే. రేడియం సగం తరగాలంటే 1600 ఏళ్లు పడుతుంది. కేంద్రకంలోని ఈ గడియారాన్ని తొందరపెట్టడం ఎవరివల్లా కాదు.

ఇక నాలుగోది గురుత్వాకర్షణ. అన్నింట్లోకీ బక్కబలం. భూమి మొత్తం కిందికి లాగుతున్నా, గుండుసూదిని చిటికెడంత అయస్కాంతం పైకెత్తేస్తుంది! కానీ నీటిని నేలలోకి దించేది ఆ బక్కబలమే. వ్యర్థాల చెరువు నీరు ఇంకి బోర్లలో చేరుతోందనీ, అరటి తోటలు దెబ్బతింటున్నాయనీ చుట్టుపక్కల రైతులు 2018, 2019ల్లో మొరపెట్టుకున్నారు. కాలుష్య నియంత్రణ మండలి నోటీసిచ్చింది. సంస్థ మాత్రం ఆరోపణల్ని ఒప్పుకోలేదు.

యురేనియాన్ని కరిగించడానికి అక్కడ వాడేది సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్. అంటే అణువుల సంగతి అటుంచినా, ఆ లవణాల లెక్క కూడా చూడాల్సిందే. వానలు అంతంతమాత్రమైన ఆ ఊళ్లలో తాగడానికైనా, తోటకైనా బోరే దిక్కు. ఏ బోరులో లవణాలెంత, యురేనియమెంత అని విడివిడిగా కొలిచి ఊరి మధ్య బోర్డు మీద రాసిపెడితే, కేంద్రక బలాల పేర్లు తెలియనివాళ్లు కూడా చదువుకుంటారు.