మాట్లాడని పాదాలు

హుస్నాబాద్ దగ్గర ఒక పల్లెలో ఒక తాత ఉన్నాడనుకుందాం. పొద్దున పత్తిచేనుకు పోయి, పొద్దుగూకాక ఇల్లు చేరాడు. వాకిటి నుంచి మంచం దాకా నెత్తురు చుక్కలు! మనుమరాలు చూస్తే, తాత అరికాల్లో తుమ్మముల్లు దిగి, సగానికి విరిగి ఉన్నది.

"తాతా, నొప్పి లేదా?"

"ఏమో బిడ్డా, నాకైతే తెల్వలేదు!"

తాత ధైర్యంగా ఓర్చుకున్నాడనుకుంటున్నారా? కాదు. ఆయనకు ఎంతో కాలంగా షుగరు జబ్బు. నెత్తుటిలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే కాళ్ళ నరాలు మొద్దుబారుతాయి. నొప్పి ఇంటికి కాపలా కుక్క వంటిది. అది మొరగకపోతే దొంగ నింపాదిగా లోపలికి వస్తాడు. ముల్లు పుండవుతుంది, పుండు ముదురుతుంది, ఒక్కొక్కప్పుడు కాలే తీసివేయవలసి వస్తుంది.

మొద్దుబారిన పాదాల గుట్టు వైద్యులకు బాగా తెలిసింది కుష్ఠురోగుల వల్ల. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ వారికోసం నూరేళ్ళకు పూర్వమే ఆస్పత్రి పెట్టింది. 1946లో వెల్లూరు వచ్చిన పాల్ బ్రాండ్ అనే డాక్టరు మరొక సంగతి కనిపెట్టాడు. రోగుల పాదాలను తినేస్తున్నది జబ్బు కాదు. నొప్పి తెలియక తగిలే దెబ్బలూ, ఒకే చోట పదేపదే పడే ఒత్తిడీ! తరవాత ఆయన అమెరికాలో, రంగు నింపిన అతిచిన్న గుళికలున్న మేజోళ్ళు తొడిగించి రోగులను నడిపించాడు. ఒత్తిడి పడ్డచోట గుళికలు పగిలి రంగు తేలేది. పాదం చెప్పలేనిది మేజోడు చెప్పిందన్నమాట.

ఇప్పటి పరికరాల్లో చవకైనది ఒక నైలాను పోగు. దాన్ని అరికాలికి ఆనించి నొక్కితే, 10 గ్రాముల బరువు పడేసరికి వంగిపోతుంది. కళ్ళు మూసుకున్న తాత "తగిలింది" అనాలి. అనకపోతే అక్కడ కాపలా లేనట్టే! 1890 దశకంలో జర్మనీలో ఫాన్ ఫ్రై అనే శాస్త్రజ్ఞుడు ఈ పని వెంట్రుకలతో చేశాడు. గుర్రపు వెంట్రుకలు కూడా వాడాడు.

మరొకటి, ఒత్తిడిని కొలిచే పలక. దానిమీద నడిస్తే తెర మీద పాదం బొమ్మ పడుతుంది. తేలికగా ఆనినచోట నీలం, గట్టిగా ఆనినచోట ఎరుపు. ఎరుపు ఉన్నచోటికి తగినట్టు మెత్తని చెప్పులు చేయిస్తారు.

నాకు అన్నిటికన్న వింతగా తోచేది వేడిని చూసే కెమెరా. మన ఒంటినుంచి కంటికి కనిపించని కిరణాలు వస్తూనే ఉంటాయి. పుండు పడబోయే చోటు ముందుగా వేడెక్కుతుంది. రెండు పాదాలనూ ఒకే చోట పోల్చి చూసి, తేడా 2.2 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే నడక తగ్గించమంటారు. చర్మం ఇంకా చిట్లనే లేదు సుమా!

ఇంతకూ తాత ముల్లు ఏమయింది? విరిగిన ముల్లు ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించదు. చెవికి వినిపించని ధ్వనితో బొమ్మ తీసే అల్ట్రాసౌండులో ముక్క బయటపడింది. డాక్టరు దాన్ని తీసి కట్టు కట్టాడు. పుండు మానడానికి చాలా వారాలు పట్టింది.

ఇప్పుడు మనుమరాలు రోజూ రాత్రి తాత అరికాళ్ళ కింద అద్దం పెట్టి చూస్తుంది. పొద్దున చెప్పుల్లో చెయ్యిపెట్టి, రాయి రప్పా లేదని తడిమి చూసిగాని ఇవ్వదు.

"మా అవ్వ సుత నన్నింత జూసుకోలే!" అంటాడు తాత.