సోపతికి సంజాయిషీ ఎందుకు?

సూర్యాపేటలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న ముగ్గురమ్మాయిలు. ఒకరు కోదాడకి, ఒకరు మిర్యాలగూడకి కోడళ్ళయి వెళ్ళారనుకోండి. మధ్యన దూరమెంతని? గంట, గంటన్నర బస్సు ప్రయాణం. అయినా ఏళ్ళ తరబడి కలుసుకోరు! 'పిల్లల పరీక్షలు', 'అత్తగారికి ఒంట్లో బాలేదు'... కారణాలకేం, బోలెడు. ఇక పక్క బెంచీలో కూర్చుని, నోట్సులు ఇచ్చి పుచ్చుకున్న అబ్బాయి ఇప్పుడు బజార్లో ఎదురుపడితే? పలకరించే ముందు అటూ ఇటూ చూస్తాం. అవునా, కాదా?

మన వైపు స్నేహానికి చక్కని మాటుంది... సోపతి. ఆ మాటకి ఆడా మగా తేడా లేదు. తేడా అంతా చూసే కళ్ళలోనే!

తెర మీద స్నేహం

ఆడా మగా స్నేహాన్ని మన సినిమాలూ చూపించాయి. 1999లో వచ్చిన 'ఇద్దరు మిత్రులు'లో చిరంజీవి, సాక్షీ శివానంద్, 2003 నాటి 'వసంతం'లో వెంకటేష్, కళ్యాణి, 2011లో 'ఓ మై ఫ్రెండ్'లో సిద్ధార్థ్, శ్రుతి హాసన్ స్నేహితులే. అయితే ఒకటి గమనించారా? మూడింటిలోనూ ఇద్దరి పక్కనా వేరే జోడీలను నిలబెడితే గానీ కథ నడవదు. 'ఇది ప్రేమ కాదండీ' అని లోకానికి నచ్చజెప్పుకోవాలన్నమాట! ఇద్దరు ఆడవాళ్ళ స్నేహమే ప్రాణంగా సాగే సినిమాలైతే మరీ అరుదు.

బొమ్మలో స్నేహం

బొమ్మకి ఆ బాధ లేదు. పూర్వపు కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం గారి చిత్రాలు క్యాలెండర్ల మీదైనా చూసే ఉంటారు. నుదుట పెద్ద బొట్టు, నల్లని నిగనిగలాడే ఒళ్ళు, ఎర్రని, పచ్చని చీరలు. తెలంగాణ పల్లెల ఆడవాళ్ళు. చాలా బొమ్మల్లో ఇద్దరో ముగ్గురో పక్కపక్కనే ఉంటారు. ఏదో ముచ్చట నడుస్తుంటుంది. ఆ బొమ్మల్లో కథ లేదు, రుజువులు లేవు. పక్కన మనిషి ఉంది, అంతే. చూసేవాళ్ళకి అదే నిండుగా ఉంటుంది.

బతుకమ్మ నాడు సద్దులు, సత్తుపిండి ఒకరికొకరు పంచుకునేటప్పుడు మనకి కలిగే తృప్తీ అలాంటిదే కదూ!

మరి మనమేం చేద్దాం?

మొగుడితో, అత్తతో చెప్పుకోలేనివి కొన్నుంటాయి. అవి వినే చెవి ఒకటుంటే గుండె బరువు సగం దిగుతుంది. అందుకే నెలకొక్కసారైనా పాత స్నేహితురాలికి ఫోను చెయ్యండి. వీలు చూసుకుని బస్సెక్కండి. మగ స్నేహితుడుంటే దాచకండి, ఇంటికి పిలిచి అందరికీ పరిచయం చెయ్యండి. దాచిన స్నేహమే అనుమానాలకి దారి తీస్తుంది. మీవారి స్నేహితురాలు ఇంటికొచ్చినప్పుడు కూడా అంతే మర్యాదగా టీ ఇవ్వండి సుమా!

ఇంట్లో సాయంత్రం దాకా అందరికీ అన్నీ అమర్చిపెడతారు. ఓ పది నిమిషాలు మీ సోపతికి దాచుకుంటే తప్పేముంది, చెప్పండి?