మీకు తెలుసా? పరాయి దేశంలో ముసలితనానికి జమ కట్టేదెవరు?

కె.కోటపాడులో అరవై దాటిన నిరుపేదకు ఒకటో తారీఖున ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 రూపాయలు ఇంటికే వస్తుంది. ఇదే ఊరి నుంచి పొట్ట చేతపట్టుకుని దేశం దాటిన మనిషి అక్కడే పాతికేళ్లు చెమటోడ్చి అరవైకి చేరితే నెలకు ఎంత వస్తుంది? కొన్ని దేశాల్లో బతికున్నంత కాలం పింఛను వస్తుంది. మరికొన్నిట్లో తిరుగు టిక్కెట్టు తప్ప ఏమీ రాదు. జీతం ఎంతన్నది ఒక్కటే చూసుకుని బయల్దేరేవారు అడగడం మరిచిపోయే ప్రశ్న ఒకటుంది: నా పేరున, నా ముసలితనం కోసం, అక్కడి చట్టం ఎవరిచేత ఎంత జమ కట్టిస్తుంది? చిన్న జీతగాడి వృద్ధాప్యం ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

గల్ఫ్‌లో పని ఉన్నన్నాళ్లే అకామా

గల్ఫ్ దేశాల్లో ప్రభుత్వ పింఛను నిధులు ప్రధానంగా ఆ దేశ పౌరుల కోసం. మన కార్మికుడు ముప్ఫై ఏళ్లు పనిచేసినా నెలనెలా పింఛను రాదు. ఉద్యోగం పోతే అకామా, అంటే నివాస అనుమతి, పోతుంది, అకామా పోతే అక్కడ ఉండే హక్కూ పోతుంది. యూఏఈలో 55 ఏళ్లు నిండినవారికి ఐదేళ్ల రిటైర్మెంటు వీసా ఉన్నమాట నిజమే. దానికి పది లక్షల దిర్హాముల పొదుపో, అంత విలువైన ఆస్తో చూపించాలి. లేదా దుబాయ్‌లో అయితే నెలకు 15,000 దిర్హాముల ఆదాయం ఉండాలి. నెలకు వెయ్యి, పదిహేను వందల దిర్హాములు సంపాదించే మేస్త్రీకి, డ్రైవరుకు ఆ తలుపు తెరుచుకోదు.

సర్వీసు డబ్బులకు లెక్క బేసిక్ మీదే

యూఏఈలో ఏడాది పూర్తిచేసిన కార్మికుడికి పని మానేటప్పుడు సర్వీసు డబ్బులు ఇవ్వాలి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ తరవాత ఏడాదికి 30 రోజుల జీతం. ఒక ఉదాహరణ చూద్దాం. బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) 1,000 దిర్హాములు, సర్వీసు పదేళ్లు అనుకోండి. మొదటి ఐదేళ్లకు 105 రోజులు, తరవాతి ఐదేళ్లకు 150 రోజులు, మొత్తం 255 రోజుల జీతం. అంటే 8,500 దిర్హాములు. మన డబ్బుల్లో రెండు లక్షలకు అటూఇటూ. పదేళ్ల కష్టానికి చట్టం దాచిపెట్టింది అంతే.

ఇక్కడ కన్నేసి ఉంచాల్సింది కాంట్రాక్టు కాగితం మీద. మొత్తం జీతం 1,800 అని ఏజెంటు చెబుతాడు. కాగితంలో బేసిక్ 1,000, మిగతాది గది అలవెన్సు, తిండి అలవెన్సు అని ఉంటుంది. సర్వీసు డబ్బులు లెక్కగట్టేది ఆ వెయ్యి మీదే. సంతకం పెట్టేముందు బేసిక్ గడిలో ఏముందో చదివించుకోవాలి.

కువైట్‌లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకూ హక్కుంది. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం కాంట్రాక్టు ముగిశాక, చేసిన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలి. ఈ సంగతి తెలియక ఉత్త చేతులతో విమానమెక్కిన తల్లులు ఎందరో!

బహ్రెయిన్ దారి మార్చింది

యజమాని దివాలా తీస్తే సర్వీసు డబ్బులు ఎవరిస్తారు? ఎన్నో ఏళ్లుగా గల్ఫ్ కార్మికుల్ని వేధించిన ప్రశ్న ఇది. బహ్రెయిన్ 2024 మార్చి నుంచి దీనికో మార్గం పెట్టింది. విదేశీ కార్మికుడి సర్వీసు డబ్బుల్ని యజమాని నెలనెలా అక్కడి సామాజిక బీమా సంస్థకు కట్టాలి. మొదటి మూడేళ్లు జీతంలో 4.2 శాతం, ఆ తరవాత 8.4 శాతం. పని మానేశాక కార్మికుడు ఆ సంస్థ నుంచే తీసుకుంటాడు. కంపెనీ గేటు దగ్గర పడిగాపులు తప్పాయి.

మలేసియాలో ఇప్పుడు మనవాళ్లకూ ప్రావిడెంట్ ఫండ్

మలేసియా ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ 1951లో మొదలైంది. తోటల్లో పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఆ దేశ పౌరులుగా దాని ఫలం అందుకున్నారు. కొత్తగా వెళ్లే విదేశీ కార్మికులకు మాత్రం అది తప్పనిసరిగా ఉండేది కాదు. 2025 అక్టోబరు జీతం నుంచి తప్పనిసరి చేశారు. కార్మికుడు 2 శాతం, యజమాని 2 శాతం కట్టాలి. ఇంటి పనివారికి ఇది వర్తించదు. శాతం చిన్నదే అయినా, దేశం విడిచి వచ్చేటప్పుడు అడిగి తీసుకోవాల్సిన సొంత సొమ్ము అది. సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మీద పనిచేసే మనవాళ్లకు అక్కడి ప్రావిడెంట్ ఫండ్ సీపీఎఫ్ లేదు.

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా: పదేళ్ల గీత

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ పింఛనుకు 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు, అంటే కనీసం పదేళ్ల పని. జీతం చిన్నదైనా ఫరవాలేదు. 2025లో ఒక క్రెడిట్‌కు 1,810 డాలర్ల సంపాదన సరిపోయింది. తొమ్మిదేళ్లు హెచ్-1బీ వీసా మీద పనిచేసి తిరిగొచ్చినవారు జీతంలోంచి 6.2 శాతం కట్టినా పింఛను అందుకోలేరు. అమెరికాతో మనకు ఇంకా సామాజిక భద్రత ఒప్పందం లేకపోవడమే కారణం.

కెనడా వృద్ధాప్య పింఛనుకు సంపాదనతో నిమిత్తం లేదు. 18 ఏళ్లు దాటాక ఆ దేశంలో పదేళ్లు నివాసం ఉంటే 65వ ఏట కొంత పింఛను, నలభై ఏళ్లు ఉంటే పూర్తి పింఛను. ఆస్ట్రేలియా కూడా వృద్ధాప్య పింఛనుకు పదేళ్ల నివాసం అడుగుతుంది. ఈ రెండు దేశాలతో మనకు ఒప్పందాలున్నాయి. కెనడాతో 2015 ఆగస్టు నుంచి, ఆస్ట్రేలియాతో 2016 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి. మన దేశం చేసుకున్న ఇలాంటి ఒప్పందాల్లో మొదట అమల్లోకి వచ్చింది బెల్జియంతో, 2009లో. ఇలాంటి ఒప్పందం ఉంటే రెండు దేశాల సర్వీసునూ కలిపి లెక్కించే వీలుంటుంది. అందుకే ఇక్కడ పీఎఫ్ కట్టిన కాగితాల్ని విదేశం వెళ్లాక కూడా భద్రంగా ఉంచుకోవాలి.

పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు

కూతురి పురుడికో, మనవడిని చూసుకోవడానికో వెళ్లి అక్కడే ఉండిపోదామనుకునే అమ్మానాన్నలకు పొదుపు లేకపోయినా పిల్లల సంపాదన అండగా ఉంటుంది. అడ్డు వచ్చేది వైద్యం ఖర్చు. కెనడా సూపర్ వీసాతో ఒకసారి వెళ్తే ఐదేళ్ల దాకా ఉండొచ్చు, కానీ కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా చూపించాలి. అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చిన తల్లిదండ్రులు 65 దాటినా, ఐదేళ్లు అక్కడ వరసగా ఉన్నాకే ప్రీమియం కట్టి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరగలరు. ఆ ఐదేళ్ల వైద్యానికి భరోసా ఏమిటన్నది కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మాట. మన వృద్ధాప్య పింఛను రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో బకాయితో కలిపి ఇస్తారు. అంతకు మించి ఊళ్లో లేకపోతే వలస వెళ్లినట్టు లెక్కగట్టి నిలిపేస్తారు. ఆరు నెలలకని వెళ్లేవారు సచివాలయంలో కనుక్కుని బయల్దేరడం మేలు.

చవక దేశమే, వీసా మాత్రం చవక కాదు

తక్కువ ఖర్చుతో బతకొచ్చని పేరున్న థాయ్‌లాండ్‌లో 50 దాటినవారికి రిటైర్మెంటు వీసా ఉంది. బ్యాంకులో 8 లక్షల బాత్‌లు ఉంచాలి, లేదా నెలకు 65,000 బాత్‌ల ఆదాయం చూపాలి. మన రూపాయల్లో ఆ డిపాజిట్టు ఇరవై లక్షలు దాటుతుంది. ఇలాంటి షరతు లేని పొరుగు దేశం నేపాల్. 1950 నాటి శాంతి, స్నేహ ఒప్పందం వల్ల భారతీయులకు అక్కడ వీసా అక్కర్లేదు. నివాసం ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. అయితే అక్కడి పౌరులకిచ్చే వృద్ధాప్య భత్యం మనకు దక్కదు.

మారిషస్‌లో కూలీల మనవలకు పింఛను

కోరంగి, విశాఖపట్నం తీరాల నుంచి 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కిన తెలుగువాళ్ల సంతతి నేటికీ మారిషస్‌లో ఉంది. ఆ దేశం 1950లో వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది. 1958 నుంచి ఆదాయంతో ప్రమేయం లేకుండా వృద్ధులందరికీ ఇస్తోంది. చందా కట్టనక్కర్లేదు, పొదుపు చూపనక్కర్లేదు. అర్హత వయసును 60 నుంచి 65కు మెల్లగా పెంచాలని 2025 బడ్జెట్టులో నిర్ణయించారు. చోడవరం చుట్టుపక్కల చెరకు కొట్టి బతికే కుటుంబాలు తమలాంటి కూలీల వారసులకు దక్కిన ఈ హక్కును గుర్తుపెట్టుకోవాలి. పేదవాడి ముసలితనాన్ని పొదుపు లేకుండా కాపాడొచ్చని ఒక చిన్న దీవి నిరూపించింది.

రంగం వెళ్లినవాళ్ల పొదుపు ఏమైంది?

భీమునిపట్నం, విశాఖ, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లెక్కి ఉత్తరాంధ్ర కూలీలు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లిన కాలం ఒకటుంది. ఓడరేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1942లో జపాన్ సేనలు వస్తుంటే లక్షల మంది భారతీయులు అడవులు, కొండల మీదుగా నడిచి తిరిగొచ్చారు. మిగిలినవారికి 1960ల్లో రెండో దెబ్బ తగిలింది. నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాల్ని జాతీయం చేసింది. 1964 మే నెలలో 50, 100 చాట్ల నోట్లను రద్దుచేసింది. ట్రంకు పెట్టెలో దాచుకున్నది చిత్తు కాగితమైపోయింది. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ కాందిశీకుల ఊరే. బర్మా, శ్రీలంక నుంచి తిరిగొచ్చినవారి కోసం 1969లో చెన్నైలో రెప్కో బ్యాంకును స్థాపించారు. సంపాదించినదంతా పరాయి నేల మీదే ఉంచితే ఏమవుతుందో మన ప్రాంతం అనుభవించి తెలుసుకుంది.

గల్ఫ్ కార్మికుడి పింఛను పథకం ఒకటి వచ్చి ఆగిపోయింది

2012లో కేంద్రం మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన తెచ్చింది. కార్మికుడు దాచుకుంటే పింఛను ఖాతాకు ప్రభుత్వం ఏడాదికి వెయ్యి రూపాయలు, మహిళలకు రెండు వేలు కలిపేది. చేరినవారు చాలా తక్కువ, 2017లో మూసేశారు. ఇప్పుడు పది పాసుకాని వారికి తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, 10 లక్షల బీమా. ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా వికలాంగులైనా అది ఆదుకుంటుంది. ముసలితనానికి అందులో ఏమీ లేదు. కేరళ మాత్రం ప్రవాసుల సంక్షేమ బోర్డు పెట్టి, కనీసం ఐదేళ్లు చందా కట్టినవారికి అరవై దాటాక పింఛను ఇస్తోంది. వేల మందిని విదేశాలకు పంపుతున్న మన రాష్ట్రం కూడా అలాంటి బోర్డు పెట్టి తీరాలి.

చేతిలో చిల్లిగవ్వ లేక చిక్కుకుంటే

మన రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. దిక్కులేక మిగిలినవారికి తాత్కాలిక వసతి, భోజనం, అత్యవసర వైద్యం, తిరుగు టిక్కెట్టుకు ఆ నిధి వాడతారు. ఖల్లివల్లి అయిపోయి, అంటే యజమానిని వదిలేసి, కాగితాల్లేక ఏళ్లతరబడి దాక్కుని ముసలైపోతున్నవారూ అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు.

బిడ్డ విదేశంలో, తల్లి ఇక్కడ

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పోషించని పిల్లల మీద రెవెన్యూ డివిజన్‌లోని ట్రిబ్యునల్‌కు అర్జీ ఇస్తే నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించే వీలుంది. లాయరు అక్కర్లేదు. పిల్లలు విదేశంలో ఉన్నా సమన్లు పంపే ఏర్పాటు ఆ చట్టంలోనే ఉంది. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు.

విమానం ఎక్కేముందు 376 రూపాయలు

అటల్ పెన్షన్ యోజనలో 18 నుంచి 40 ఏళ్ల లోపు చేరాలి. పాతికేళ్ల కుర్రాడు నెలకు 376 రూపాయలు కడితే అరవై నుంచి నెలకు 5,000 పింఛను. ముప్ఫయ్యో ఏట చేరితే 577, నలభయ్యో ఏట చేరితే 1,454 కట్టాలి. అతను పోయాక అదే పింఛను భార్యకు, ఆమె తరవాత నామినీకి 8.5 లక్షలు. ఆదాయపు పన్ను కట్టేవారు చేరడానికి వీల్లేదు. ఇప్పటికే విదేశంలో ఉన్నవారికి జాతీయ పింఛను పథకం ఎన్పీఎస్ ఉంది, ప్రవాస భారతీయులు చేరొచ్చు, ఏడాదికి కనీసం వెయ్యి కడితే ఖాతా నడుస్తుంది.

ముప్ఫై ఐదేళ్ల తరవాత 5,000 విలువ ఇప్పటంత ఉండదు, ఇది ఒక్కటే సరిపోదు. అయినా వీసా ముగిసినా, కంపెనీ మూతపడినా పోని డబ్బు ఇది. కె.కోటపాడు బ్యాంకులో ఖాతా ఉన్న ప్రతి యువకుడూ, ప్రతి యువతీ పాసుపోర్టు చేతికొచ్చిన రోజే ఈ ఫారం నింపి ఇవ్వాలి. ఆ పూటే కాంట్రాక్టులోని బేసిక్ గడి కూడా చదివించుకోవాలి.