సీసా పోసేముందు.. పొగ రంగు చూడండి!
పాత కారు ఇంజిన్‌ను కడిగే ద్రావణం మసికే మందు.. అరుగుదలకు కాదు

కరీంనగర్‌, ఆదిలాబాద్‌: పొద్దున తాళం తిప్పితే ఓ పట్టాన స్టార్టవదు. ఎత్తు వస్తే మొరాయిస్తుంది. లీటరుకు వచ్చే కిలోమీటర్లు తగ్గిపోయాయి. పదిహేనేళ్లు దాటిన కారున్న ఇళ్లలో తరచూ వినిపించే మాటలివి. ఇంజిన్‌ విప్పి బోరు చేయించాలంటే వేల రూపాయలు కావాలి. విడిభాగాల దుకాణంలో కొన్ని వందలకు దొరికే శుద్ధి ద్రావణం పోస్తే చాలంటే ఆశ కలగడం సహజం. ఆ ఆశ కొన్ని ఇంజిన్లలో ఫలిస్తుంది. మరికొన్నింటిలో నడుస్తున్న ఇంజినే పట్టేసే ప్రమాదం ఉంటుంది.

మసి ఎలా చేరుతుంది?
పెట్రోలు పూర్తిగా మండనప్పుడు మిగిలే జిగురు, మసి ఇంజెక్టర్లలో, వాల్వులపై, పిస్టన్‌ తలపై పేరుకుంటాయి. ఇంజెక్టర్‌ రంధ్రం పూడుకుంటే పెట్రోలు సన్నని తుంపరగా పడదు. మంట సరిగా రాదు. ఆయిల్‌ సకాలంలో మార్చకపోతే అది చిక్కబడి మడ్డి కడుతుంది. బజారు వరకే తిప్పి ఆపేసే కార్లలో ఇది ఎక్కువ. ఇంజిన్‌ పూర్తిగా వేడెక్కక లోపలి తేమ ఆయిల్‌లోనే ఉండిపోతుంది. ఆదిలాబాద్‌ చలికాలపు ఉదయాల్లో ఈ ఇబ్బంది మరింత హెచ్చు. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గుగని ప్రాంతాల్లో, కరీంనగర్‌ గ్రానైట్‌ క్వారీల దారుల్లో దుమ్ము కూడా తోడవుతుంది. ఎయిర్‌ ఫిల్టర్‌ పూడుకుంటే ఇంజిన్‌కు గాలి అందదు. చిరిగితే దుమ్ము లోపలికి చేరి బోరును అరగదీస్తుంది.

సీసాలు రెండు రకాలు
మొదటిది పెట్రోలు ట్యాంకులో పోసేది. పాలీఈథర్‌ఎమీన్‌ అనే రసాయనం ఉన్నవి ఇంజెక్టర్లలోని జిగురును, పిస్టన్‌ తలపై మసిని క్రమంగా వదిలిస్తాయి. కార్బొరేటర్‌ ఉన్న పాత కార్లలో జెట్లకు చెత్త అడ్డుపడితే మాత్రం విప్పి శుభ్రం చేయడమే మార్గం.
రెండోది ఆయిల్‌లో కలిపి మడ్డిని కడిగేది. అసలు జాగ్రత్త ఇక్కడే అవసరం. ఏళ్లతరబడి ఆయిల్‌ మార్చని ఇంజిన్‌లో మడ్డి ఒక్కసారిగా ఊడితే ఛాంబర్‌ అడుగున ఆయిల్‌ పీల్చే జాలీకి అడ్డుపడుతుంది. ఆయిల్‌ పైకి అందక బేరింగులు కాలిపోతాయి. అటువంటి ఇంజిన్‌కు ఛాంబర్‌ విప్పి తుడవడం, కొద్ది దూరానికోసారి ఆయిల్‌, ఫిల్టర్‌ మార్చడం క్షేమం. కిరోసిన్‌తో కడిగే అలవాటు మానుకోవాలి. దానికి జిడ్డు తక్కువ కావడంతో లోహం లోహంతో ఒరుసుకుంటుంది.

పొగ ఏం చెబుతుంది?
* నల్లపొగ: పెట్రోలు ఎక్కువై సరిగా మండడం లేదు. ముందు ఎయిర్‌ ఫిల్టర్‌, ప్లగ్గులు చూడాలి. ఆ తరువాతే సీసా.
* నీలిపొగ: ఆయిల్‌ మండుతోంది. రింగులో, వాల్వు సీళ్లో అరిగి ఉండవచ్చు. ఏ ద్రావణమూ అరిగిన లోహాన్ని తిరిగి తేలేదు.
* ఇంజిన్‌ వేడెక్కాక కూడా ఆగని చిక్కటి తెల్లపొగ: రేడియేటర్‌ నీరు సిలిండర్‌లోకి చేరుతోంది. బండి ఆపి గ్యాస్‌కెట్‌ చూపించాలి.

అనుమానం తీరకుంటే కంప్రెషన్‌ పరీక్ష చేయించాలి. ఒత్తిడి తక్కువగా ఉన్న సిలిండర్‌లో చెంచాడు ఆయిల్‌ వేసి మళ్లీ చూస్తారు. ఒత్తిడి పెరిగితే రింగులు అరిగినట్టే. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో, గ్యాస్‌కెట్‌లోనో ఉన్నట్టు లెక్క.

పోసే పద్ధతి
* సీసాపై రాసిన కొలత మించరాదు. మారుతి 800 ట్యాంకు 28 లీటర్లే. పెద్ద ట్యాంకుకు ఉద్దేశించిన సీసా మొత్తం పోయకూడదు.
* ద్రావణం కలిపిన పెట్రోలును ఆగకుండా సాగే ప్రయాణంలో ఖర్చు చేయడం మేలు. రాజీవ్‌ రహదారి, నిర్మల్‌ మీదుగా వెళ్లే 44వ జాతీయ రహదారి ఇందుకు అనువైనవి.
* ఆయిల్‌లో పోసేదైతే ఇంజిన్‌ వేడెక్కాక కలిపి, సూచించిన నిమిషాలే నిలకడగా నడపాలి. బండి కదల్చరాదు. వెంటనే ఆయిల్‌ దించి, ఫిల్టర్‌ మార్చి కొత్త ఆయిల్‌ పోయాలి.

ఇథనాల్‌తోనూ జాగ్రత్త
2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్‌ సైతం పాత ట్యాంకులోని జిగురును కరిగించి ఫిల్టర్‌కు చేరుస్తుంది. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడే ప్రమాదమూ ఉంది. కనుక పాత కారుకు పెట్రోలు ఫిల్టర్‌, గొట్టాలు ముందుగా మార్పించడం సీసా కంటే అవసరమైన పని.

ఫలితం తెలిసేదెలా?
సొంత కారు రిజిస్ట్రేషన్‌ను 15 ఏళ్లకు, ఆపై అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అప్పుడు పొగ కొలత కీలకం. ఐడ్లింగ్‌లో కార్బన్‌ మోనాక్సైడ్‌ భారత్‌ స్టేజ్‌-2, 3 పెట్రోలు కార్లలో 0.5 శాతం, అంతకుముందు తరం కార్లలో 3 శాతం మించరాదు. ద్రావణం పోసేముందు ఒకసారి, ట్యాంకు అయ్యాక మరోసారి ఈ పరీక్ష చేయించి, మైలేజీతోపాటు కాగితంపై రాసుకోవాలి. అంకె తగ్గితే మసి వదిలినట్టే. తగ్గకపోతే రెండో సీసా కొనడం వృథా. ఆ డబ్బు మెకానిక్‌ చేతిలో పెడితే ఇంజిన్‌ అసలు జబ్బు తెలుస్తుంది.